ఎవరు ఆపారో చూడండ్రా!

మా ఫిజిక్స్ టీచర్ పోయారు. మంగళవారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆఫీసులో కథ గురించి మాట్లాడుకుంటూ ఉండగా వాళ్ల అక్కగారి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పిన్ని ఇక లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది," అంది. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "ఏది ఆపింది?" అని. అవతల ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది. "పిన్ని అయినా ఇదే అడిగేది కదక్కా," అంది.

చావుకబురు చెప్పినవాళ్లని అలా అడగకూడదని నాకు తెలుసు. కానీ ఆవిడ దగ్గర చదువుకున్న ఎవరిని కదిపినా ఇంతే. ఏదైనా ఆగిందని వింటే మాకు కన్నీళ్లకంటే ముందు ప్రశ్న వస్తుంది. యూసుఫ్‌గూడలో ఒక ఇరుకు సందులోని ప్రైవేటు బడిలో ఆవిడ ఏళ్ల తరబడి మాకు నేర్పిన పాఠం అది. కదిలే వస్తువు దానంతట అది ఆగదు. ఎవరో ఆపుతారు. ఆ ఎవరో కనిపెట్టాలి.

ఆవిడ గురించి మెల్లగా, గొంతు తగ్గించి రాయడం నా వల్ల కాదు. ఆవిడ ఏనాడూ గొంతు తగ్గించి మాట్లాడలేదు మరి.

మా క్లాసులో సగం మంది సినిమావాళ్ల పిల్లలమే. సినిమావాళ్లంటే పోస్టర్ మీద కనిపించేవాళ్లు అనుకోకండి. లైట్లు మోసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, జనరేటర్ బండి నడిపేవాళ్లు. మా నాన్న పట్టాల మీద కెమెరా ట్రాలీ తోసేవాడు. రహమత్ నగర్‌లో మా ఇల్లు. టీచర్‌ది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. మధురానగర్‌లో అక్కగారి కుటుంబంతో ఉండేవారు. నేత చీర కట్టుకుని కాళ్లకి కాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఎవరైనా నవ్వితే కాలెత్తి అడుగున ఉన్న గాట్లు చూపించి, "చెప్పులు జారతాయి, ఇవి పట్టుకుంటాయి. నాకు పట్టుకునేవే ఇష్టం," అనేవారు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు స్టాఫ్ రూములోని క్యారమ్ బోర్డు చంకన పెట్టుకుని వచ్చారు. బల్ల మీద పరిచి, స్ట్రైకర్‌ని ఒక్కటి కొట్టారు. అది సగం దూరం వెళ్లి ఆగింది.

"ఎందుకాగింది?"

"దాని బలం అయిపోయింది టీచర్," అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"అయిపోవడానికి అందులో పెట్రోలేమన్నా పోశామా?"

అందరం గొల్లుమన్నాం. ఆవిడ వెంటనే చెయ్యెత్తారు. "నవ్వకండ్రా! వీడిలాగే లోకంలో మహా మహా పండితులు కూడా చాలాకాలం అనుకున్నారు. వీడు గొప్పవాళ్ల పక్కనే నిలబడి తప్పు చెప్పాడు." వాడి మొహం వెలిగిపోయింది.

తర్వాత బోర్డు మీద గుప్పెడు ఇసక చల్లి కొట్టారు. స్ట్రైకర్ బయల్దేరిన చోటే మొరాయించింది. ఇసక దులిపి, పౌడర్ చల్లి, అంతే విసురుగా కొట్టారు. ఈసారి అది రయ్యిన వెళ్లి అవతలి చెక్కని కొట్టుకుని వెనక్కి వచ్చింది. కొట్టిన వేలు అదే, స్ట్రైకరూ అదే. "మరి ఏం మారింది? మధ్యలో ఎవరున్నారు? ఎవరు ఆపారో చూడండ్రా!" అంటూ బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. "ఇంకా నున్నగా చేస్తే?" "ఇంకా దూరం పోతుంది టీచర్!" "ఇంకా?" "ఇంకా దూరం!" "బోర్డుకి అంచులే లేవనుకోండి. అడ్డంగా గాలి కూడా లేదు. రాపిడన్నదే లేదు. అప్పుడు?"

అందరూ బోర్డు వైపే చూస్తున్నారు. నేను ఆ ఏడు ఏ క్లాసులోనూ నోరు విప్పిన పిల్లను కాను. కానీ నాకు ఆ స్ట్రైకర్ కనిపించింది. యూసుఫ్‌గూడ దాటి, ఊరు దాటి, పోతూనే ఉంది. లేచి నిలబడి, "ఆగదు టీచర్! ఎప్పటికీ ఆగదు!" అని అరిచాను.

ఆవిడ రెండు చేతులతో బల్ల మీద చరిచారు. "విన్నారా! ఈ పిల్ల ఏమందో విన్నారా!" ఎవరో పడిపోయారనుకుని పక్క గదిలోంచి హెడ్‌మాస్టర్ గారు పరుగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా?" అంటే, "ఏమీ కాలేదండీ, ఈ పిల్లకి ఒక సంగతి తట్టింది!" అన్నారు. ఆయనకేం అర్థమైందో గానీ నాకు మాత్రం ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇది విని రాపిడంటే పరుగు ఎత్తుకుపోయే దొంగ అనుకున్నాను. మర్నాడు అదే చెప్పాను. ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్లి, నాపరాళ్ల మీద సబ్బునీళ్లు ఒలకబోసి, అవతల నిలబడి, "ఏదీ, నా దగ్గరికి నడిచిరా," అన్నారు. రెండడుగులు వేసేసరికి కాళ్లు చెరోవైపు పోయాయి. పడబోతుంటే వచ్చి పట్టుకున్నారు. ఆవిడ బూట్లు జారలేదు. "ఇప్పుడు తిట్టు చూద్దాం! రాపిడి లేకపోతే ఆగలేవు సరే, అసలు బయల్దేరలేవు కూడా," అన్నారు. మరి ఆగిపోయిన వస్తువు పరుగంతా ఎక్కడికి పోయిందని అడిగాను. ఆవిడ రెండు అరచేతులూ గబగబా రుద్ది నా చెంపలకి ఆనించారు. వెచ్చగా ఉన్నాయి. "ఇక్కడికి వచ్చింది. ఎక్కడికీ పోలేదు. వేషం మార్చుకుంది, అంతే."

ఒకసారి మా క్లాసు అమ్మాయి, "మొట్టమొదట ఈ లోకాన్ని తోసిందెవరు టీచర్?" అని అడిగింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "దానికి జవాబు ఆదివారం చర్చిలో చెప్తాను. సోమవారం నించి శనివారం దాకా మాత్రం రాపిడి గురించి మాట్లాడుకుందాం," అన్నారు.

ఆదివారాలు కూడా పూర్తిగా ఊరుకున్నది లేదు. జూబ్లీహిల్స్‌లో ఒక చుట్టం ఇంటికి వెళ్లి, అటునుంచి చర్చికి ఆటోలో కొండ దిగుతూ, రోడ్డు ఖాళీగా ఉంటే డ్రైవర్ భుజం తట్టేవారట. "బాబూ, ఒకసారి ఇంజన్ ఆపండి. ఈ వాలు మనల్ని ఎందాకా తీసుకెళ్తుందో చూద్దాం." మొదట విసుక్కున్నవాడే ఆటో నిదానించేసరికి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ముందుకి వంగేవాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడ కూడా కుర్చీలో ముందుకి వంగేవారు.

పదో తరగతి చివర్లో నాన్న నా చదువు మాన్పించి కాస్ట్యూమ్స్‌లో కుట్టుపనికి పెడదామనుకున్నాడు. ఎవరు చెప్పారో, ఒక సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చారు. మంచం మీద కూర్చోబెట్టాం. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నాన్న ముందే తెగేసి చెప్పాడు. "మేడం, ఆడపిల్లకు పది సాలు. మా వదినె ఆడ్నే పనిజేస్తది, సూస్కుంటది. మీరు జర ఫికర్ జెయ్యకుండ్రి."

టీచర్ నాన్న చేతుల వైపు చూశారు. "మీరు కెమెరా ట్రాలీ తోస్తారటగా? అంత బరువు, మీద కెమెరా, కెమెరామన్. కుదుపు లేకుండా గుర్తు గీసిన గీత మీద ఎలా ఆపుతారండీ?" అన్నారు.

నాన్నని ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. మొదట గోడకి ఆనుకుని నిలబడే చెప్పాడు. "గది ఆపుడు కాదు మేడం, ఇడుసుడు. గీత కాడికొచ్చినంక వట్టుకుంటే కెమెరా ఉలిక్కిపడ్తది. ముందుగాల్నే చెయ్యి అల్కగ జెయ్యాలె. గది దానికదే నిమ్మళమైతది."

"దానికదేనా?" ఆవిడ కళ్లు మెరిశాయి.

నాన్న గోడ వదిలి ముందుకొచ్చాడు. "అంటే... పట్టాలు పట్టుకుంటయి. చక్రాలల్ల కూడ జరంత ఉంటది. పట్టాల మీద పౌడర్ సల్లినమనుకోండ్రి, అప్పుడు లెక్క మారుతది." ఇక ఇద్దరూ ఆగలేదు. నాన్న మంచం ఒక పక్కకి జరిపాడు. స్టూలు తలకిందులు చేసి ట్రాలీ చేశాడు. టీచర్ నేల మీద కూర్చుని స్టూలు తోస్తుంటే నాన్న, "ఇడువుండ్రి, ఇప్పుడు ఇడువుండ్రి!" అని అరుస్తున్నాడు. అమ్మ తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. చీకటి పడుతోందని టీచర్ గభాలున లేచి, దండం పెట్టి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. నా గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సందు మలుపుదాకా వెళ్లి, ఆయాసపడుతూ వెనక్కి వచ్చారు. "అయ్యో, అసలు వచ్చిన పని మర్చిపోయానండీ! పిల్లని ఇంటర్‌లో చేర్చండి."

నాన్న పగలబడి నవ్వాడు. నాన్న అలా నవ్వడం నేను అరుదుగా చూశాను. "సరే తియ్యి మేడం. సదువంటే గిట్ల ఉంటదని నాకెవలు జెప్పలే. మీ లెక్క అడుగుడు నేర్సుకుంటే సాలు గీ పిల్ల," అన్నాడు.

అలా ఎంపీసీ చదివాను. డిగ్రీ అయ్యాక మాత్రం ఎటు తిరిగినా సినిమాల్లోకే వచ్చి పడ్డాను. రాయడం, డైరెక్టర్ల దగ్గర అసిస్టెంటుగా చేయడం. సైన్సు వదిలేశానని టీచర్ బాధపడతారేమోనని భయపడుతూ చెప్పాను. "సినిమా అంటేనే కదిలే బొమ్మలు కదమ్మా!" అని ఎగిరి గంతేసినంత పని చేశారు.

ఆవిడ రిటైరయ్యాక జరిగింది నేను చెప్పబోయేది. జూబ్లీహిల్స్‌లో ఒక పాతకాలపు బంగళాలో షూటింగ్. నేను రాసిన సీన్ తెరకెక్కడం అదే మొదటిసారి. పెళ్లి ఇల్లు. పీట మీద కూర్చున్న పెళ్లికూతుర్ని స్నేహితురాళ్లు అల్లరిగా తోస్తారు. ఆ పీట పాలరాతి హాలంతా జారుకుంటూ వెళ్లి, గుమ్మంలో నిలబడ్డ కాబోయే అత్తగారి పాదాల ముందు ఆగాలి. చదివినప్పుడు అందరూ నవ్వారు. తీయబోతేనే తెలిసింది. ఆ గుమ్మం అవతల రాతిమెట్లు ఉన్నాయి. హీరోయిన్‌తో పీటకి తాడు కట్టి ఆపుదామంటే, అంతకుముందు వేరే సినిమాలో తాడు కట్టి లాగినప్పుడు ఆమె భుజం దెబ్బతింది. "రోప్ అంటే మాత్రం నేను చేయను," అని తేల్చి చెప్పింది. ఆమె మాటలో తప్పేం లేదు. సాయంత్రానికి మేము బంగళా ఖాళీ చేయాలి. డైరెక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి, "మధ్యాహ్నం లోపు దారి దొరక్కపోతే సీన్ ఎత్తేద్దామమ్మా," అన్నారు.

టీచర్‌కి ఫోన్ చేశాను. మాట పూర్తి కాకముందే, "ఏ నేల? పాలరాయా? మెరుగు పెట్టిందా? వస్తున్నా!" అని పెట్టేశారు.

వచ్చీ రావడంతోనే హాల్లో మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నేలని నిమిరారు. తర్వాత వంగి చెంప ఆనించారు. లైట్‌మన్ ఎవరో, పూజ చేస్తున్నారనుకుని చెప్పులు విప్పేశాడు. పీట అడుగున కంబళి ముక్క అంటించమన్నారు. నేల మీద పలచగా పౌడర్ చల్లమన్నారు. గుమ్మం అవతల మెట్ల నిండా పరుపులు వేయించారు. ముందు పీట మీద ఇసక బస్తా పెట్టి తోయిస్తే అది అనుకున్న చోటికి కాస్త అటూ ఇటూగా ఆగింది. "మనిషైనా ఇంతే. బరువుతో పని లేదు!" అని ప్రకటించారు టీచర్.

మా యూనిట్‌లో లావుపాటి అసిస్టెంటు ఒకతను కూర్చున్నాడు. తోశారు. పీట హాలు మధ్యలోనే ఆగిపోయింది. రెండోసారి కసిగా తోశారు. గుమ్మం దాటి వెళ్లి పరుపుల్లో పడ్డాడు. డైరెక్టర్ గారు నావైపు చూశారు. సీన్ పోయిందనే అనుకున్నాను.

టీచర్ చప్పట్లు కొట్టారు. "తప్పు చెప్పానండీ! ఎంత బాగుందో!"

"బాగుందాండీ?" అన్నారు డైరెక్టర్ గారు.

"బాగుండదా మరి! నేల ఎవరికీ పక్షపాతం చూపించదు. తేడా తోసే చేతుల్లో వచ్చింది. బస్తా తేలికని విసిరేశారు. ఈ బాబు బరువని చేతులు వెనకాడాయి. బయల్దేరేటప్పటి వేగమే మారిపోయింది. నేను నేలని చూశాను గానీ మనుషుల్ని మర్చిపోయాను. తోసేవాళ్లని తీసేయండి. తలుపు వెనక జారుడుబల్ల కట్టండి. వాలు మీంచి దిగితే ఎవరికైనా ఒకటే వేగం!"

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెక్కలు తెచ్చి, తలుపు చాటున నడుమెత్తు వాలు కట్టారు. కింద నేలతో కలిసేచోట ఒరుసుకోకుండా చిత్రిక పట్టారు. బస్తాని వదిలితే గుమ్మానికి ఇవతల ఆగింది. అక్కడ సుద్దతో గీత గీశాం. మళ్లీ వదిలితే మళ్లీ ఆ గీత దగ్గరే. హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. హీరోయిన్ దగ్గరికి వచ్చి, "బస్తాకి సరేనండీ. నాకు కూడా అక్కడే ఆగుతుందని ఏంటి నమ్మకం?" అని అడిగింది.

"మంచి ప్రశ్న!" అన్నారు టీచర్. "నేను మీకు రెండింతలు ఉంటాను. ముందు నేను కూర్చుంటా."

నేను వద్దన్నాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి. వింటేగా! కళ్లజోడు తీసి నా చేతికిచ్చారు. కొంగు నడుముకి చుట్టి దోపారు. ఇద్దరు పట్టుకుంటే వాలు ఎక్కి, పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "వదలండి!"

వదిలారు. "ప్రభువా!" అన్న కేక తలుపు చాటునుంచి వినబడింది. ఆ వెంటనే నేత చీరలో మా టీచర్, నెరిసిన జుట్టు ఎగురుతుండగా, పాలరాతి మీద తేలుకుంటూ వచ్చేశారు. సగం దారిలో ఆ కేక నవ్వైపోయింది. లైట్లు, మనుషులు, అరటి పిలకలు, అన్నిటినీ దాటుకుని, మెల్లమెల్లగా నిదానించి, గీత మీద ఆగారు. సరిగ్గా గీత మీద! హాలు దద్దరిల్లింది. ఆవిడ కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తి, "ఎవరు ఆపారో చూడండ్రా!" అని అరిచారు. పైన పరంజా మీది లైట్‌మెన్ అంతా ఒక్క గొంతుతో, "నేల, మేడం!" అన్నారు.

దాన్ని కెమెరాలో పట్టలేదే అని మా కెమెరామన్ ఇప్పటికీ బాధపడుతుంటాడు.

హీరోయిన్ మొదటి టేకులో భయంతో కళ్లు మూసుకుంది. రెండో టేకులో కళ్లు తెరిచి, నవ్వుతూ వచ్చి, అత్తగారి పాదాల ముందు ఆగింది. డైరెక్టర్ గారు కట్ చెప్పడం మర్చిపోయి నా భుజం తట్టారు. "రేపు ఇంకో సీన్ రాసుకురా," అన్నారు. నేను రచయితనయ్యానని నాకు తెలిసింది ఆ మాటతోనే. సినిమా విడుదలయ్యాక టీచర్‌ని థియేటర్‌కి తీసుకెళ్లాను. ఆ షాట్‌కి జనం ఈలలు వేస్తుంటే నా చెవిలో అన్నారు: "అమ్మాయి బాగా చేసింది. నేల ఇంకా బాగా చేసింది."

చివరిసారి చూసింది ఈ మధ్యే, మధురానగర్ ఇంట్లో. బాగా నీరసించారు. అయినా నన్ను చూడగానే దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు. ఎప్పుడో భూమిని వదిలి వెళ్లిన వ్యోమనౌక ఒకటి ఇంజన్ లేకుండానే ఇంకా పోతూ ఉందని అక్కగారి అమ్మాయి చదివి వినిపించిందట. "చూశావా, నువ్వు తొమ్మిదో తరగతిలో చెప్పిందే! అక్కడ పట్టుకునేవాళ్లు లేరు కదా," అని పొంగిపోయారు. తర్వాత కాస్త ఆలోచించి, "పట్టుకునేవాళ్లు లేకపోవడం కూడా పాపం కష్టమేనేమోనమ్మా. నన్ను చాలామంది పట్టుకున్నారు," అన్నారు. ఆ తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, నాకు ఉప్మా పెట్టలేదేమని కేకలేశారు.

శనివారం యూసుఫ్‌గూడ దగ్గర వాళ్ల చర్చి హాల్లో ఆవిడ జ్ఞాపకార్థం కూడిక జరిగింది. ఇంతమంది వస్తారని ఎవరూ అనుకోలేదు. బండ్లు బాగుచేసేవాళ్లు, నర్సులు, బ్యాంకువాళ్లు, స్టంట్ మాస్టర్ ఒకాయన, అందరం ఆవిడ పిల్లలమే. నాన్న కర్ర పోటేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఫొటో ముందు కొవ్వొత్తులు వెలిగించబోతే ఫ్యాన్ గాలికి నిలవడం లేదు. పాస్టర్ గారు ఫ్యాన్ కట్టెయ్యమని సైగ చేసి, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

అక్కగారి అమ్మాయి స్విచ్ నొక్కింది. ఒక్క తల కూడా కిందికి వంగలేదు. హాల్లో ఉన్న ఆవిడ శిష్యులందరం, ఎవరూ చెప్పకుండానే, తలెత్తి ఫ్యాన్ వైపు చూస్తున్నాం. వెనక వరసలో ఎవరో "గాలి" అని గొణిగారు. "బేరింగ్," అంది ఇంకో గొంతు. "రెండు గూడ ఉన్నయి, ఊకోండ్రి," అన్నాడు నాన్న. పాస్టర్ గారు కళ్లు తెరిచి మమ్మల్ని చూశారు. తర్వాత ఆయన కూడా తలెత్తారు. తెల్లటి చక్రంలా కనబడుతున్నది కాస్తా రెక్కలుగా విడిపోయింది. రెక్కల అంచున పట్టిన దుమ్ము కనిపించింది. ఒక్కో రెక్కా నిదానంగా వస్తోంది, పోతోంది. అదిగో ఆగింది అనుకున్నాం. ఇంకో చుట్టు తిరిగింది.